అక్క చదవని రెండు బొమ్మలు

"పెట్టె మూత నువ్వు వేస్తావా, నన్నే వెయ్యమంటావా?" అన్నాడు నాన్న.

అమ్మ వెయ్యలేదు. వద్దని కూడా అనలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు కుట్టింది, కుట్టిందే విప్పింది, మళ్ళీ కుట్టింది. మొన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ధారాళంగా మాట్లాడుతున్నది ఆ మిషను ఒక్కటే.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని వసపిట్ట ఇదంతా చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క మాటా పలకని పిల్లకి ఆ పేరు పెట్టింది నాన్నే. అప్పట్లో చుట్టాలు మొహాలు ముడుచుకున్నారు గానీ, బొమ్మల పలక వచ్చాక పేరు అచ్చంగా అతికిపోయింది. ఒళ్ళు మొత్తం మీద ఆమె చెప్పినట్టు వినేది ఎడమచేతి పిడికిలి ఒక్కటే. ఆ పిడికిలితో బొమ్మలు చూపిస్తూ, నాన్న గురక మీదా, అమ్మ కుట్టిన లాగూల మీదా, పక్కింటివాళ్ళ కుక్క తెలివితేటల మీదా పొద్దస్తమానం ఏదో ఒకటి అంటూనే ఉండేది. పద్దెనిమిదేళ్ళొచ్చినా ఆ నోటికి, అంటే ఆ పిడికిలికి, అదుపు రాలేదు.

మొన్నటి నుంచి మాత్రం పలక లేదు. కొత్తచోట వాళ్ళకి నకలు కావాలట, జిరాక్సుకి ఇవ్వాలంటూ అక్క తీసుకెళ్ళిపోయింది.

రేపు పొద్దున్నే వ్యాన్ వస్తుందని నాన్న మళ్ళీ గుర్తుచేశాడు. వస్తే రానివ్వండి అంది అమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. పిల్ల రమ్మంది, వ్యాన్ వస్తోంది, మధ్యలో నేనెవర్ని అంది. పిల్ల చదువుకుంటానంటే సంతోషించాలి గానీ ఇలా మొహం మాడ్చుకుంటారా అని నాన్న కసిరాడు.

"చదువుకుంటానంటే నాకేం బాధ? ఒక్క మాట నాకు ముందు చెప్పిందా? ఎత్తి దించి నా నడుం విరిగింది. పక్క మీద అటు తిప్పడం, ఇటు తిప్పడం అంతా నేనే. చివరికి ముక్కూ మొహం తెలియని ఆ పెద్దావిడ ముందు, నన్నొదిలి పోతానని చెప్పింది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి విన్నాను."

వసపిట్ట గొంతులోంచి గట్టిగా ఒక మూలుగు వచ్చింది. పిడికిలి కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు కొట్టుకుంది. నాన్న వచ్చి ఆమె తల నిమిరి, ఊరుకోవే, అమ్మకి నీ మీద ప్రేమ, అంతే అన్నాడు. అమ్మ వెనక్కి తిరగలేదు.

నిజంగా జరిగింది అమ్మకీ నాన్నకీ తెలియదు. వసపిట్టకి తెలుసు. ఇంకొకరికి తెలుసు, ఆ మనిషి ఇంకా పని నుంచి రాలేదు.

మొన్న వచ్చిన పెద్దావిడ మాటలు రాని పిల్లల కోసం ఒక బడి నడుపుతోంది. వ్యాన్లో సగం రోజు ప్రయాణం. పిల్లలు అక్కడే ఉండి బొమ్మల నుంచి అక్షరాలకి, అక్షరాల నుంచి పుస్తకాలకి వెళ్తారు. ఎవరినైనా చేర్చుకునే ముందు ఆవిడ స్వయంగా వచ్చి, తల్లిదండ్రుల్ని కాకుండా ఆ పిల్లనే అడుగుతుంది. అదే అడిగింది. ఇంటికి టీచర్ని పంపడం కూడా కుదురుతుంది గానీ వారానికి ఒక్కసారే, రోజూ చదువు కావాలంటే మా దగ్గర ఉండాలి, నీకేది ఇష్టం అంది.

వసపిట్ట ఆలోచించుకునే చెప్పింది. చదువు. కావాలి. ఇల్లు. ఇక్కడ. ఒక్కో బొమ్మ మీద పిడికిలి ఆనించి, జారకుండా నిలబెట్టి, నాలుగూ వరసగా చూపించింది.

కుర్చీ వెనక నిలబడ్డ అక్క గొంతు సవరించుకుని చదివింది. "చదువు కావాలి."

అంతే. అక్కడితో ఆగిపోయింది. మిగిలిన రెండు బొమ్మలూ మింగేసింది.

అయితే మా దగ్గరికి వస్తావన్నమాట అని పెద్దావిడ నవ్వింది. వసపిట్ట పలక మీద దబదబా బాదింది. అరిచింది. "సంతోషం పట్టలేకపోతోంది" అంది అక్క. అందరూ నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందరూ అక్కని ఎలా నమ్మారని అడగక్కర్లేదు. ఆ పలక తయారుచేసింది వడ్రంగి అయిన నాన్నే. కుర్చీ చేతుల మీద సరిగ్గా కూర్చునేలా గాడి తీసి, పైన అద్దం బిగించి, పిల్లకి తిన్నగా కనిపించేలా బొమ్మలు అమర్చాడు. ఎదుట కూర్చున్నవాళ్ళకి అవి తలకిందులు. వెనక నిలబడ్డ అక్కకి ఒక్కదానికే పిల్లకి కనిపించినట్టు కనిపిస్తాయి. అందుకని మొదట్లోనే ఇంట్లో అందరికీ ఒక అలవాటు పడిపోయింది. పిల్ల మాట్లాడుతుంటే పలక వైపు కాకుండా అక్క నోటి వైపు చూడటం. చివరికి ఆ పెద్దావిడ కూడా, ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి, అక్క నోటి వైపే చూసింది. అక్క అంత బాగా చదువుతుంది మరి.

నమ్మకం ఊరికే రాలేదు. మొదట్లో ఇంటికొచ్చి నేర్పిన మాటల టీచరు, అప్పటికి రెండు జడలతో బడికెళ్తున్న అక్కని కూర్చోబెట్టి ఒకే ఒక్క నియమం చెప్పింది. చూపించినదంతా చదవాలి, చూపించనిది చదవకూడదు, నీకు నచ్చినా నచ్చకపోయినా. అక్క దాన్ని ఒట్టు పెట్టుకున్నట్టు పాటించింది. ఒకసారి చుట్టాలందరి ముందు వసపిట్ట "అక్క పాట, చెవి నొప్పి" అని చూపిస్తే, మొహం ఎర్రబడ్డా సరే, గంభీరంగా ఉన్నదున్నట్టు చదివి వినిపించింది. అంత నిజాయితీ గల నోరు అది.

అక్షరాలు కూడా అక్కే నేర్పింది. ప్రతి బొమ్మ కింద దాని పేరు రాసి ఉంటుంది. అక్క అరచెయ్యి బొమ్మ మీద కప్పేసి, కింద పేరు మాత్రం కనిపించేలా ఉంచి, ఇదేదో చూపించు అని ఆట పెట్టేది. గెలిస్తే బుగ్గ మీద ముద్దు, ఓడితే ముక్కు మీద వేలితో కొట్టడం. ఆ ఆటలోనే వసపిట్టకి చదువు మీద ఆశ పుట్టింది. ఇప్పుడు ఆ ఆశనే చూపించి అక్క ఆమెని ఇంట్లోంచి పంపించేస్తోంది.

పెట్టెలో సర్దడానికి దుప్పటి కోసం అమ్మ లేచి బీరువా తెరిచింది. పై అరలో అక్క బట్టల వెనక నుంచి ఏదో బరువైనది ముందుకు జారింది. దుప్పటిలో చుట్టి ఉన్న పలక.

"జిరాక్సుకి ఇచ్చానంది, ఇక్కడే ఉందిగా" అంది అమ్మ. మరిచిపోయి ఉంటుందిలే అన్నాడు నాన్న. వాళ్ళిద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు. నాన్న పెట్టె గడియకి నూనె తేవడానికి పెరట్లోని షెడ్డుకి వెళ్ళాడు. అమ్మ పలకని తెచ్చి కుర్చీ చేతుల మీద గాడిలో కూర్చోబెట్టింది. కోపంగా ఉన్నా అద్దం మీది దుమ్ము కొంగుతో తుడవడం మానలేదు.

వసపిట్ట పిడికిలి వెంటనే అమ్మ బొమ్మ మీదికి వెళ్ళింది. తర్వాత 'చూడు' మీదికి. మళ్ళీ అమ్మ. మళ్ళీ 'చూడు'.

"నాకవి తెలియవే" అంది అమ్మ, ఎదురుగా నిలబడి, పలకకేసి కాకుండా గోడకేసి చూస్తూ. "మీ అక్క రానీ. నాతో చెప్పాల్సినవన్నీ మొన్న చెప్పేశావుగా."

చెప్పేసి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. సుద్దముక్క తీసుకుని కొత్త గుడ్డ వెనక వైపున ఒక ఇంటూ గుర్తు గీసింది. ఏది మంచి వైపో, ఏది వెనక వైపో తికమక పడకుండా ప్రతి గుడ్డ మీదా ముందుగా ఆమె పెట్టే గుర్తు అది.

వసపిట్ట పలక మీద మాట కోసం వెతికింది. అక్క చేసిన దానికి ఒక పేరు ఉండాలి. ఆకలి ఉంది, దాహం ఉంది, నొప్పి ఉంది. గుండె బొమ్మ పక్కన పైకి బాణం ఉంటే సంతోషం, కిందికి ఉంటే దిగులు. కోపం ఉంది. ఇది కోపం కాదు, దిగులు కూడా కాదు. ఈ పిల్లని ఎవరైనా మోసం చేస్తారని, ఆ మాట ఎప్పుడో ఆమెకి అవసరపడుతుందని, బొమ్మలు ఏరినప్పుడు ఎవరికీ తోచలేదు. ఆ గళ్ళలో ఎంత వెతికినా అది దొరకలేదు.

దీపాలు పెట్టే వేళకి అక్క వచ్చింది. అక్క కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. చెప్పులు విప్పుతూ లోపలికి చూసి, పలక కనిపించగానే గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ కుట్టిన చొక్కాలు ఇచ్చి రావడానికి వీధి చివరికి వెళ్ళింది. షెడ్డులోంచి నాన్న చెక్క చిత్రిక పడుతున్న చప్పుడు వస్తోంది. గదిలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరే.

అక్క బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకు నిలబడింది. తర్వాత అలవాటు కొద్దీ కుర్చీ వెనక్కి వచ్చింది.

పిడికిలి ప్రశ్న గుర్తు మీదికి వెళ్ళింది. 'ఎందుకు' అని దాని పేరు. అక్కడే ఉండిపోయింది.

అక్క దాన్ని పైకి చదవలేదు. ఎవరికోసం చదవాలి? ముందుకొచ్చి నేల మీద కూర్చుంది.

"నేను అబద్ధమేం చెప్పలేదు. నువ్వు చూపించిందే చదివాను. ఒక్క మాట కూడా కలపలేదు."

వసపిట్ట గుండె బొమ్మ మీదికి, దాని పక్కన పైకి లేచిన బాణం మీదికి పిడికిలి జరిపింది. సంతోషం. సంతోషం పట్టలేకపోతోందని ఆ రోజు ఎవరన్నారు?

అక్క తల దించుకుంది. దించుకునే చెప్పింది. దుకాణం వాళ్ళు పెద్ద ఊళ్ళో ఇంకోటి తెరుస్తున్నారట. దాన్ని చూసుకోవడానికి ఆమెని రమ్మన్నారట. ఉండటానికి గది కూడా ఇస్తారట. రానని చెప్పి ఒకసారి వదులుకుంది, రెండోసారి కూడా వాళ్ళే పిలిచారు.

"ఎక్కడికెళ్ళినా గడియారం చూసుకుంటూనే ఉంటానే. సినిమాకెళ్తే సగంలో లేచి వస్తాను. నువ్వేదో చెప్పాలనుకుంటూ ఉంటావు, వినేవాళ్ళు ఇంట్లో ఎవరూ ఉండరు. నేను వెళ్తానంటే అమ్మ వెళ్ళమంటుందా? చెల్లి నోరు కట్టేసి పోతావా అంటుంది. నువ్వే వెళ్తానంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. నీకు చదువూ వస్తుంది. అందులో తప్పేముంది?"

తప్పేముందో ఆమెకి తెలుసు.

అక్కకి కొత్త ఉద్యోగం వచ్చినందుకు వసపిట్టకి ఏ కోశానా ఏడుపు లేదు. నిజానికి ఆ సంగతి వినగానే ఒక్క క్షణం, ఎప్పటిలాగే, అక్కని ఏడిపించడానికి ఏదో ఒకటి అందామనిపించింది కూడా. ఆ క్షణం దాటిపోయింది. పిడికిలి మెల్లగా కదిలింది. నన్ను. అడుగు. లేదు.

నన్ను అడగలేదు.

"అడిగితే ఏమనేదానివి?" అంది అక్క.

వెళ్ళు. ఒక్క బొమ్మ. ఆలోచించకుండా చూపించింది.

అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోంది. ఇంతకుముందు అక్క ఏడ్చినప్పుడల్లా వసపిట్టకి ఏడుపొచ్చేది. ఇవాళ రాలేదు. ఏ నోటిని తన నోరనుకుందో ఆ నోరే తనని అమ్మకి కాకుండా చేసింది. అమ్మ తనకేసి చూడటం మానేసింది. దానికి ఏడుపు సరిపోదనిపించింది.

"అమ్మకి చెప్పు" అన్నట్టు అమ్మ బొమ్మ మీదా, 'చెప్పు' మీదా పిడికిలి ఆనించింది. అక్క అడ్డంగా తల ఊపింది. వ్యాన్ వచ్చేస్తోందని, ఇప్పుడు చెబితే అమ్మ జన్మలో తన మొహం చూడదని, కొన్నాళ్ళు ఉండి చూడమని, నచ్చకపోతే తనే వచ్చి తీసుకొస్తానని ఏవేవో అంది. అప్పుడే గేటు చప్పుడైంది. అక్క లేచి కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాలకి నలుగురూ ఒకచోట కూర్చున్నారు. అమ్మ వసపిట్టకి తినిపిస్తోంది గానీ చెంచా వైపే చూస్తోంది. నాన్నకి ఆ మౌనం భరించరానిదైంది.

"వసపిట్టా, రేపు వెళ్ళిపోతున్నావు. వెళ్ళేముందు మీ అమ్మకి ఒక మంచిమాట చెప్పవే. నిద్రపోకుండా అటూ ఇటూ దొర్లుతోంది" అన్నాడు.

అక్క చేతిలో గ్లాసు కిందపెట్టింది. నాన్న అప్పటికే పలక తెచ్చి బిగించాడు. వెళ్ళి నిలబడు, చదివిపెట్టు అని అక్కకి చెప్పాడు. ఆమె నెమ్మదిగా వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది. కుర్చీ పిడుల మీద ఆమె చేతుల బరువు వసపిట్ట వీపుకి తెలుస్తోంది. నాన్న, అమ్మ ఎదురుగా కూర్చుని ఎప్పటిలాగే అక్క నోటి వైపు చూశారు.

లేని మాటని ఉన్న బొమ్మలతోనే కట్టాలి. వసపిట్ట ఇంతసేపూ కట్టుకుంటున్నది అదే.

అక్క. నోరు. నాది. కాదు.

నాలుగు బొమ్మలు. ఒక్కోదాని మీద పిడికిలి నిలిపి, జారకుండా.

వెనక ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"అక్క" అని చదివింది అక్క. "నోరు. నాది."

అక్కడితో ఊరుకుంది.

అక్క నోరే నా నోరు. వినేవాళ్ళకి అలా వినిపించింది. నాన్న కళ్ళు చెమర్చాయి. మా వసపిట్ట ఎంత మాట అందో చూశావా అని అమ్మ భుజం తట్టాడు. అమ్మ పెదవి బిగించింది. పోయే ముందు కూడా మీ అక్క గురించేనా, నా గురించి ఒక్క ముక్కా లేదా అనుకుందో ఏమో, చెంచా పళ్ళెంలో పడేసి లేచింది. గిన్నెలు తీయడానికి వంగింది.

వసపిట్ట అరవలేదు. అరిస్తే ఏమంటారో మొన్ననే తెలిసింది. బాదలేదు కూడా. పిడికిలి నాలుగో బొమ్మ మీదే ఉంచింది. చెయ్యి నొప్పి పుట్టి, భుజం వణికి, మోచెయ్యి పక్కకి లాగుతున్నా అక్కణ్ణుంచి తియ్యలేదు.

గిన్నె అందుకోబోతూ అమ్మ ఆగింది. పిడికిలి కింద రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ బయటికి కనిపిస్తున్నాయి. మిగతా బొమ్మలన్నీ ఆమెకి తలకిందులే. ఇది మాత్రం ఎటునుంచి చూసినా ఒక్కటే. పొద్దున్నించీ గుడ్డల మీద సుద్దతో ఆమె గీస్తున్నది ఇదే.

"ఇదేంటి?" అంది అమ్మ. "దీని మీద నుంచి చెయ్యి తియ్యడం లేదేం?"

నాన్న అక్క వైపు చూశాడు.

అమ్మ గిన్నె కిందపెట్టి, కుట్టుపని కళ్ళద్దాలు పెట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి కుర్చీ వెనక వైపుకి వచ్చింది. ఇన్నేళ్ళలో పిల్ల మాట్లాడుతుండగా ఆమె అటువైపు నిలబడటం అదే మొదలు. అక్క పక్కకి తప్పుకోవలసి వచ్చింది. అమ్మ వంగి, పిడికిలిని రెండు వేళ్ళతో కొంచెం పైకెత్తి, బొమ్మ కింద రాసి ఉన్న పేరు కూడబలుక్కుంది.

"కాదు."

ఇంకోసారి చదివింది. తర్వాత మొదటి నుంచీ తనే, వేలు పెట్టుకుంటూ చదువుకుంది. అక్క. నోరు. నాది. కాదు. చదవడం పూర్తయ్యాక నిటారుగా నిలబడి పెద్ద కూతురికేసి చూసింది. పెద్ద కూతురు గోడకేసి చూస్తోంది.

"మొన్న కూడా ఇలాగే సగంలో ఆపేసిందా?" అని అడిగింది అమ్మ. అడిగింది అక్కని కాదు.

వసపిట్ట వీపుకి ఆ చేతుల బరువు తెలియడం లేదు. అక్క పిడుల మీది నుంచి చేతులు తీసేసింది. గదిలో ఇప్పుడు ఎవరి నోరూ ఆమెది కాదు. అవునంటే అక్కకి ఇక ఈ ఇల్లు ఉండదు. ఊరుకుంటే రేపు పొద్దున్న తనకి ఉండదు.

నొప్పి పుడుతున్న పిడికిలిని లేపి, పలక మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తెచ్చి, ఒక బొమ్మ మీద ఆనించింది.

"ఇల్లు" అని చదివింది అమ్మ. కళ్ళద్దాలు సరిచేసుకుంది. ఎవరి మొహం వైపూ చూడలేదు, పలక మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

"తర్వాత?"